నాలుగు, ఒకటి, నాలుగు

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు తీరమున, పటాప్స్కో నది చెసపీక్ అఖాతమున కలియు చోటికి చేరువలో వెలసిన బాల్టిమోర్ రేవుపట్టణమునందు, ఏ అర్ధరాత్రముననో ఏ ఇరుకు వీథిలోనో పెద్దమంట లేచి, మొదట పోయిన దళమునకు తోడుగా రెండవ దళమును, దానికి తోడుగా మూడవ దళమును కదలవలసివచ్చిన వేళ, రొదచేయుచు పరుగెత్తు ఎర్రని ఇంజనుల వెనుక మరియొక వాహనము బయలుదేరును. అందు నీటి గొట్టములు లేవు, నిచ్చెనలు లేవు, తలుపులు పగులగొట్టు గొడ్డళ్లును లేవు. అందున్నవి కాఫీ, చల్లని నీరు, నాలుగు ముద్దలు నోట వేసికొనుటకు కొంత ఆహారము. దానిని నడుపుకొని వచ్చినవారు ప్రభుత్వోద్యోగులు కారు. వారికి జీతము లేదు, భత్యము లేదు, నిద్రచెడినందుకు మరునాడు సెలవును లేదు. అగ్నిమాపక భటులయెడ చిన్ననాటినుండి పెంచుకొన్న అభిమానము తప్ప వారిని పడకమీదినుండి లేపి తెచ్చిన అధికారి వేరొకడు లేడు. ఆ అభిమానుల సంఘమునకు బాక్స్ 414 అసోసియేషన్ అని పేరు.

ఒక అంకెను సంఘమునకు నామకరణము చేయుట మనకు వింతగా తోచవచ్చును గాని, ఆ అంకె వెనుక ఒక నగరము కాలిన కథ యున్నది. టెలిఫోను ఇంకను పుట్టని కాలమున, మంట లేచినదని కేంద్రమునకు తెలియజేయుటెట్లను ప్రశ్నకు, వైద్యశాస్త్రము చదివిన విలియం చానింగ్, విద్యుద్యంత్రములయందు నిపుణుడైన మోజెస్ ఫార్మర్ అను నిరువురు బాస్టన్ నగరమున సమాధానము కనుగొనిరి. 1852 ఏప్రిల్ 28న అచట పనికి వచ్చిన వారి ఏర్పాటు అచిరకాలములోనే అమెరికా నగరములన్నింటికిని ఆదర్శమయ్యెను. వీథి మూలన స్తంభమునకు బిగించిన ఇనుప పెట్టె. దాని తలుపు తెరచి లోపలి కొక్కెమును క్రిందికి లాగినచో, చుట్టియుంచిన స్ప్రింగు విడివడి ఒక చిన్న చక్రము తిరుగును. ఆ చక్రపు అంచున గాట్లు పెట్టబడియుండును. 414వ పెట్టెలోని చక్రమునకు నాలుగు గాట్లు, కొంత యెడము, ఒక గాటు, మరల కొంత యెడము, నాలుగు గాట్లు. గాటు గాటునకును తీగలోని విద్యుత్ప్రవాహము క్షణకాలము తెగును. తెగినప్పుడెల్ల కేంద్రములోని గంట ఒకసారి మ్రోగును, కాగితపు పట్టీపై ఒక రంధ్రము పడును. ఆ గంటలను లెక్కించుచునే భటులు గుర్రములను బండ్లకు కట్టుచుందురు. ఏ అంకె ఏ వీథి మూలదో వారికి కంఠోపాఠము. పెట్టె మాటలాడదు, చిరునామా తడబడదు, భయముచే గొంతు పూడిపోయిన మనుష్యుడు కూడ కొక్కెమును లాగగలడు. బాస్టన్ నగరమున నేటికిని ఈ పెట్టెలు పనిచేయుచునే యున్నవి.

1904 ఫిబ్రవరి 7వ తేదీ ఆదివారము. ఉదయము 10 గంటల 48 నిమిషములకు బాల్టిమోర్ వర్తకవాటికలోని హర్స్ట్ కంపెనీవారి టోకు సరకుల భవనములో, నేలమాళిగయందు అమర్చిన స్వయంచాలక పరికరము మొదటి హెచ్చరిక పంపెను. పిమ్మట వీథిలోని 414వ పెట్టెను లాగిరి. కాల్చి పారవేసిన చుట్టయో సిగరెట్టో కాలిబాటలోని రంధ్రమునుండి నేలమాళిగలో పడి యుండునని నాటివారి అనుమానము. చూచుచుండగనే భవనము ప్రేలిపోయెను. ఆ ప్రేలుడుతో ఎగిరిన కొరవులను ఫిబ్రవరి మాసపు పెనుగాలి ఎత్తుకొని పోయి ఇంటింటి కప్పుపైని విత్తెను. మంటకు ముందుగా పోయి భవనములను డైనమైటుతో కూల్చి ఖాళీ ఏర్పరచవలెనని అధికారులు ప్రయత్నించిరి గాని, అదియును ఫలింపలేదు. ముప్పది గంటలకు పైగా సాగిన ఆ దహనమున 140 ఎకరముల మేర, 1,500కు మించిన భవనములు భస్మీపటలమయ్యెను. రెండున్నర వేల వ్యాపారములు నేలమట్టమై, 35,000 మంది ఒక్క రాత్రిలో ఉపాధి కోల్పోయిరి. పట్టణమును చీల్చుకొని పారు జోన్స్ ఫాల్స్ అను సెలయేటి ఒడ్డున 37 ఆవిరి ఇంజనులను బారులు తీర్చి, సోమవారమునాడు భటులు చేసిన తుది పోరాటముతో గాని అగ్నిదేవుని ఆకలి శమింపలేదు.

ఆనాడు హెరాల్డ్ అను దినపత్రికకు నగర సంపాదకుడుగా నుండిన ఇరువదిమూడేండ్ల యువకుడు, తన కార్యాలయము అగ్నిపాలు కాగా, ఒక సంచిక వాషింగ్టనులోను, పిమ్మట అయిదు వారములపాటు ఫిలడెల్ఫియాలోను అచ్చువేయించి పత్రికను నిలువబెట్టెను. అతడే తరువాతి కాలమున అమెరికన్ గద్యమున పేరుమోసిన హెచ్. ఎల్. మెంకెన్. పత్రికారంగమున పనిచేయువారికి ఈ వృత్తాంతము సహజముగానే ప్రీతికరము. అయినను నా మనస్సును ఎక్కువగా పట్టి నిలిపినది మెంకెన్ కథ కాదు, ఇరుగుపొరుగు నగరములనుండి సాయపడ వచ్చినవారి కథ.

బాల్టిమోర్ ప్రార్థనను విని వాషింగ్టను నగరము తన ఇంజనులను రైలుబండి కెక్కించి పంపెను. ఫిలడెల్ఫియానుండి వచ్చిరి, న్యూయార్కునుండి వచ్చిరి. మొత్తము మీద 1,231 మంది భటులు ఆ మంటతో పోరాడిరి. ఇంజనులు దిగినవి, మనుష్యులు సిద్ధముగా నున్నారు, వీథిలో నీటి హైడ్రంటు ఉన్నది, దానిలో నీరును ఉన్నది. కాని వచ్చినవారి గొట్టపు కప్లింగు ఆ హైడ్రంటు మూతికి ఎక్కలేదు. ఒక నగరపు మర వేరు, మరియొక నగరపు మర వేరు. ఆ కాలమున అమెరికాలో ఇట్టి కప్లింగుల పరిమాణభేదములు ఆరు వందలకు మించి యుండెను. వంద మైళ్లు పరుగెత్తి వచ్చిన వీరులు, మర కొలతలోని కొద్దిపాటి తేడాకు చేతులు కట్టుకొనవలసిన దుర్దశను తలచుకొన్నప్పుడెల్ల నాకు కడుపు తరుగుకొని పోవును. గుడ్డలు చుట్టి, చిమ్ముచున్న నీటిలోనే గొట్టములను అదిమిపట్టి, అందినంత నీటితో వారు పోరాడిరి. తోటి మానవునియెడ దయ యున్నది, సాహసమున్నది, వేగమున్నది; పొందిక ఒక్కటి లేకపోయెను.

ఆ మరు సంవత్సరమే, 1905లో, దేశమంతటికిని ఒకే ప్రమాణము నిర్ణయింపబడెను: రెండున్నర అంగుళముల వ్యాసము, అంగుళమునకు ఏడున్నర మర చుట్లు. నిర్ణయించుట వేరు, ఆచరించుట వేరు. ఆ మహాగ్నికి నూరేండ్ల పిమ్మట, 2004లో, అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ విచారించి చూడగా, అధిక జనసంఖ్య గల 48 నగరములలో 18 మాత్రమే ఆ ప్రమాణపు హైడ్రంట్లు అమర్చుకొని యుండెను. తక్కిన నగరములు అడాప్టర్లతో పని గడుపుకొనుచున్నవి.

ఇట్టి చరిత్ర గల అంకెను, అనగా పరాజయచిహ్నమైన అంకెను, అభిమానులు తమ సంఘమునకు పేరుగా ధరించుట ఒక్క బాల్టిమోర్ వారి విపరీతబుద్ధి యని తలపరాదు. బాస్టనులో బాక్స్ 52 అసోసియేషన్ ఉన్నది. 1872 నవంబరు 9 రాత్రి సమ్మర్ వీథిలో ఆరంభమై 776 భవనములను కాల్చిన మహాగ్నికి మొదటి హెచ్చరిక పంపినది 52వ పెట్టెయే. ఆ వేళకు నగరమునందలి గుర్రములు పెక్కు అంటురోగముచే మూలబడియుండగా, భటులు ఆవిరి ఇంజనులను తమ భుజబలముతో ఈడ్చుకొని పోయిరి. గెలిచిన యుద్ధమునకు జయస్తంభము నాటుట లోకసామాన్యము. ఓడిన దినమును ప్రతిదినము ఉచ్చరించునట్టి పేరుగా పెట్టుకొనుట, ఆ దినమున అలసి సొలసి నిలిచినవారియెడ కృతజ్ఞత గలవారు మాత్రమే చేయగల పని. ఇట్టి అభిమాన సంఘములు అమెరికా, కెనడా దేశములందు అనేకములు గలవు. వానినన్నింటిని కలుపుచు ఇంటర్నేషనల్ ఫైర్ బఫ్ అసోసియేట్స్ అను సమాఖ్యయు గలదు.

ఈ అభిమానము గొప్పవారిని కూడ విడిచిపెట్టలేదు. 1934 నుండి 1945 వరకు న్యూయార్క్ నగరమునకు మేయరుగా నుండిన ఫియొరెల్లో లా గార్డియా, పెద్దమంట అను వార్త చెవిని పడినంతనే చేతిలోని పనిని విడిచి, అగ్నిమాపకుల శిరస్త్రాణము తలకెత్తుకొని అచటికి పోవుచుండెను. బాస్టన్ పాప్స్ వాద్యబృందమును 1930 నుండి 1979లో మరణించువరకు నడిపిన ఆర్థర్ ఫీడ్లర్, కచ్చేరీ ముగిసిన పిమ్మట మంట ఎక్కడ లేచినను అచట ప్రత్యక్షమగుచుండెను. లోకమునందలి పలు నగరముల అగ్నిమాపక దళములు ఆయనకు గౌరవ నాయకత్వమిచ్చి శిరస్త్రాణములు బహూకరించినవి. వాద్యముల మేళనమును జీవితవ్రతముగా చేసికొన్నవానికి, నలువది మంది మనుష్యులు ఒక్క గంట ధ్వనికి ఒక్క దేహమై కదలు దృశ్యమున ఆనందము కలుగుట నాకు సహజముగనే తోచుచున్నది.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టును. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగిన పెద్దమనుష్యుని మన సామెత ఏనాడో గుర్తించినది. పరుల కొంప కాలుచుండగా చూడబోవుట వేడుకా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. అగ్నికి ఆకర్షణ గలదు. బాలుడైనను వృద్ధుడైనను మంటను చూచి నిలువకుండ పోవుట కష్టము. ఖాండవము కాలుచున్నప్పుడు దేవతలు సైతము ఆకాశమున గుమిగూడిరని మన పురాణములు చెప్పుచున్నవి. కాని చూడవచ్చినవాడు చూచుటతో ఆగునా, చేయి కలుపునా అనుటయందు మనుష్యుని యోగ్యత తేలును. ఈ సంఘముల వారు తమ కుతూహలమును సేవకు కట్టుపరచుకొన్నారు. వారు ప్రేమించునది మంటను కాదు, మంటకు ఎదురు నడచువానిని. నేనీ మాటను తేలికగా వ్రాయుట లేదు. వారి ఆచారములను, వారు తమకు తాము విధించుకొన్న కట్టుబాట్లను తెలిసికొన్నకొలదియు నాకు ఈ నమ్మకమే బలపడినది.

బాల్టిమోర్ చరిత్రయే దీనికొక సాక్ష్యము. 1859లో జీతపు అగ్నిమాపక శాఖ ఏర్పడుటకు పూర్వము ఆ నగరమున మంటలార్పునవి స్వచ్ఛంద దళములే. అవి సేవచేసినంతగా కలహించినవి. ఏ దళము ముందు చేరినది, ఏ దళము నీటి మూతిని ముందు పట్టినది అను పంతములతో వీథులలో రాళ్లు రువ్వుకొని, తుపాకులు కాల్చుకొని, ఒకరి ఇంజనునొకరు ధ్వంసము చేసికొనుచుండగా ఇండ్లు కాలిపోయెడివి. ఉత్సాహము అధికమైనంత మాత్రమున మేలు జరుగదని ఆ నగరము చేదుగా నేర్చుకొన్నది. నేటి అభిమానులు ఆ ఉత్సాహమునకే వారసులు. అయితే వీరు గొట్టమును ముట్టరు, నిచ్చెన ఎక్కరు, తమ గీతను దాటరు. ఘటనాస్థలమునకు అధికారియైనవాడు ఎచట నిలువుమనిన అచట వాహనమును నిలిపెదరు.

వారు చేయు పని చూచుటకు స్వల్పము. కాఫీ పోయుట, నీరందించుట, కుర్చీ వేయుట. మనము మజ్జిగ దుత్తలతో, మట్టికుండలతో దారిప్రక్కన పెట్టు చలివేంద్రము ఇంజను కట్టుకొని మంటయున్న చోటికి పోయినట్లని చెప్పినచో తెలుగువారికి తక్షణమే బోధపడును. కాని ఆ గ్రుక్కెడు నీరు మర్యాదకొరకు పోయునది కాదని, ప్రాణమునకు సంబంధించినదని వైద్యశాస్త్రము ఇటీవలి దశాబ్దములలో స్పష్టముగా తేల్చినది.

భటుడు మంటలోనికి పోవునప్పుడు ధరించు మందపు కోటు, షరాయి, బూట్లు, శిరస్త్రాణము, వీపున గాలి సిలిండరు అన్నియు కలిసి ఇరువది కిలోలకు మించును. ఆ కోటు వెలుపలి వేడిని లోనికి రానీయదు. ఆ గుణముచేతనే దేహములో పుట్టిన వేడిని వెలుపలికి పోనీయదు. ఆ బరువుతో, ఆ ఉక్కతో, పొగలో కన్ను కానరాక మెట్లెక్కి, నీటితో నిండిన గొట్టమును లాగుచు, గోడ పగులగొట్టుచున్నవాని నాడి కొద్ది నిమిషములలోనే పరాకాష్ఠకు చేరును. చెమటరూపమున నీరు హరించిపోగా రక్తము చిక్కబడి గడ్డకట్టు స్వభావము పెరుగును. చిక్కబడిన రక్తమును నెట్టుటకు గుండె మరింత శ్రమింపవలసివచ్చును. 1994 నుండి 2004 వరకు అమెరికాలో విధినిర్వహణమందు మరణించిన భటుల వివరములను, 2001 సెప్టెంబరు 11 నాటి మృతులను మినహాయించి, హార్వర్డ్ పండితులు పరిశీలించి 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ప్రకటించిరి. విధినిర్వహణమందలి మరణములలో నూటికి 45 హృద్రోగముచే కలుగునవని వారు పేర్కొనిరి. అట్టి హృదయసంబంధమైన మరణములలో 32 శాతము మంటలార్పుచున్న వేళ సంభవించినవి. ఇంతకును భటుని పనికాలములో మంటలార్పుటకు పట్టునది నూటికి ఒకటినుండి అయిదు పాళ్లు మాత్రమే. కూలు కప్పుకంటెను, ఎగయు జ్వాలకంటెను వాని గుండెయే వానికి ఎక్కువ అపాయకరమని ఈ అంకెలు చెప్పుచుండగా, కుర్చీ వేసి నీరిచ్చి కూర్చుండబెట్టువాని పనిని స్వల్పమని ఎట్లనగలము?

అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఈ విశ్రాంతికే ప్రత్యేకముగా 1584 అను సంఖ్యతో ఒక ప్రమాణమును రచించినది. ముప్పది నిమిషముల సిలిండర్లు రెండు ముగిసినను, నలువదియైదు నిమిషములది ఒకటి ముగిసినను భటుడు మంటను విడిచి వచ్చి విశ్రమింపవలెను. అతడు మాత్రము రానొల్లడు. లోపల తన తోటివాడున్నాడు, కాలుచున్న ఇల్లున్నది. అట్టివానిని బుజ్జగించి కూర్చుండబెట్టుట అధికారియాజ్ఞకంటె పరిచితమైన ముఖమునకు సులభసాధ్యము. ఏండ్ల తరబడి ప్రతి పెద్దమంటకును వచ్చుచు, ఎవనికి చక్కెర లేని కాఫీ కావలెనో, ఎవడు నీరు త్రాగక మొండికెత్తునో ఎరిగిన అభిమాని ఆ పనికి తగినవాడు.

అతని ఎదుట కూర్చుండబెట్టిన భటుని కొంత దగ్గరగా చూతము. మొదట శిరస్త్రాణము తీయుదురు, పిమ్మట కోటు విప్పుదురు. కోటు విప్పగనే చలికాలపు రాత్రి వాని మెడనుండియు భుజములనుండియు ఆవిరి లేచును. కొన్ని కుర్చీల చేతులలో తొట్లవంటి గుంటలుండును. వానిని చల్లని నీటితో నింపి, ముంజేతులను మోచేతులవరకు అందు మునిగియుండునట్లు ఉంచుమందురు. ముంజేతులలో రక్తనాళములు చర్మమునకు సమీపముగా నుండుటచే, అచట చల్లబడిన రక్తము దేహమంతయు తిరిగి లోపలి వేడిని దించును. తలపై నీళ్లు గ్రుమ్మరించుటకంటె ఇది మేలైన పద్ధతి. నాడి చూచువాడు నాడి చూచును. ముఖము పాలిపోయినదా, మాట తడబడుచున్నదా, చేయి ఎడమ రొమ్ముమీదికి పోవుచున్నదా అని కనిపెట్టి చూచుచుండువారు చూచుచుందురు.

ఆహారమిచ్చు విధానమును మారినది. పూర్వము మసిబారిన చేతులతోనే భటులు రొట్టెముక్క అందుకొని తినెడివారు. ఆ మసి ధైర్యమునకు గుర్తుగా పరిగణింపబడెను. కాలిన ప్లాస్టిక్కులు, రంగులు, దూది పరుపులు విడిచిన విషములు ఆ మసియందుండునని ఇప్పుడు తెలిసినది. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తిని మానవులకు నిశ్చయముగా క్యాన్సరు కలిగించు వానిలో, అనగా మొదటి వర్గమున, చేర్చినది. కనుక నేడు ముందుగా తడిగుడ్డ, పిదప కాఫీ. మెడ, చెవుల వెనుక, మణికట్టు తుడిచికొన్న పిమ్మటనే తినుబండారము చేతికిచ్చెదరు. దొన్నె అందించువాడు భటుని తల్లియంత కఠినముగా నుండవలసిన ఘట్టమిది.

మంటలన్నియు ఒక రాత్రితో ముగియునవి కావు. 2001 జూలై 18న బాల్టిమోర్ నడిబొడ్డున, హోవార్డ్ వీథి క్రింది సొరంగములో రసాయనములు మోయుచున్న గూడ్సు రైలుబండి పట్టాలు తప్పి అంటుకొనగా, ఆ అగ్ని అయిదు దినములవరకు పూర్తిగా ఆరలేదు. నడివేసవిలో, పొగ వెడలు త్రోవలేని సొరంగపు నోటివద్ద దళములు వంతులవారీగా పనిచేసినవి. 2022 జనవరి 24న దక్షిణ స్ట్రికర్ వీథిలో పాడుపడిన ఇల్లు ఒకటి కాలి కూలి ముగ్గురు భటులను బలిగొన్నది. గోడకు గోడ కలిపి బారుగా కట్టిన ఇండ్లు ఆ నగరపు ప్రత్యేకత. జనము విడిచిపోయిన అట్టి ఇండ్లు వేలకొలదిగా మిగిలి, ఒకదానికి అంటిన నిప్పు ఇరుప్రక్కలకును ప్రాకుచుండుట దాని శాపము. ఇట్టి దినములలో క్యాంటీన్ వాహనము ప్రక్కన నిలిచినవానికి మాటలు కరవగును. శోకించు భటుని చేతిలో వెచ్చని పాత్రయుంచి, మాటాడక ప్రక్కన నిలుచుటయు ఒక విద్యయే. దానిని ఏ ప్రమాణగ్రంథమును నేర్పలేదు.

అభిమానులు చేయు మరియొక ఉపకారము చరిత్రరక్షణ. అగ్నిమాపక శాఖకు చరిత్ర వ్రాసికొను తీరిక లేదు; మరుసటి గంటకు లేచిపోవలసినవాడు నిన్నటి మంటను గూర్చి ఏమి వ్రాయగలడు? ఆ పనిని అభిమాని నెత్తినవేసికొనెను. ఏ తేదీన ఏ పెట్టె మ్రోగెను, ఏ ఇంజను మొదట చేరెను, ఏ గోడ ఎటు కూలెను అని వారు వ్రాసియుంచిన దినచర్యలును, తీసిన ఛాయాచిత్రములును పిమ్మట శిక్షణకు పనికివచ్చుచున్నవి. బాల్టిమోర్ సమీపమున లూథర్‌విల్ అను చోట 1971లో వెలసిన మేరీలాండ్ అగ్నిమాపక ప్రదర్శనశాలలో చేతి ఇంజనులు, ఆవిరి ఇంజనులు, పనిచేయుచున్న టెలిగ్రాఫ్ పెట్టెలు నేటికిని దర్శనీయములు. బాస్టనులో 1891 నాటి కాంగ్రెస్ వీథి అగ్నిమాపక కేంద్రమును స్పార్క్స్ అసోసియేషన్ అను అభిమానుల సంఘము కాపాడి ప్రదర్శనశాలగా నడుపుచున్నది. ఇనుము త్రుప్పుపట్టకుండ తుడుచుట, ఇత్తడి గంటకు మెరుగుపెట్టుట, బడిపిల్లలకు కొక్కెము లాగి చూపుట వంటి చిన్నపనులు చేయువాడు లేనినాడు ఎంతటి ఘనచరిత్రయైనను పాతయినుప సామానుల అంగడికి పోవును.

మన తెలుగునాట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుపుచున్నాము. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ నౌక ప్రేలినప్పుడు మంటలతో పోరాడి అసువులు బాసిన 66 మంది భటుల స్మరణార్థము దేశమంతట జరుగు వారోత్సవములివి. ఆ వారమున బడిపిల్లలకు మంటలార్పు విధము చూపుదురు, కరపత్రములు పంచుదురు. వారము గడచిన పిమ్మట 101కి ఫోను చేయవలసిన ఆపద వచ్చువరకు మనకు వారు జ్ఞాపకము రారు. ఏప్రిలు, మే మాసములలో రెంటచింతలలోను రామగుండములోను నీడపట్టున నిలిచినను ప్రాణము విలవిలలాడునట్టి యెండలో, ఆ మందపు దుస్తులతో మంటయెదుట నిలుచువాని స్థితి ఎట్టిదో ఎన్నడైనను తలచితిమా? గుంటూరు ప్రాంతపు మిర్చి శీతలగిడ్డంగులకు నిప్పంటుకొన్నప్పుడు ఆ ఘాటైన పొగలో, కన్నుల నీరు ధారలు కట్టుచుండగా, దినములకొలది నీరు కొట్టవలసివచ్చును. పత్తి జిన్నింగు మిల్లులలోని మంట బేళ్ల లోపల రగులుచు, ఆరినదని తిరిగిన వెంటనే మరల లేచును. ఇట్టి చోట గుమిగూడిన జనము సెల్‌ఫోనులెత్తి చిత్రములు తీయుటయందును, దారికి అడ్డముగా నిలుచుటయందును చూపు ఉత్సాహమును చూచినప్పుడు బాక్స్ 414 వారు నాకు పదేపదే జ్ఞప్తికి వచ్చుచుందురు.

చలివేంద్రములు పెట్టుట మనకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. శ్రీరామనవమికి పానకము కలుపు చేతులు, పుష్కరములలో లక్షలమందికి అన్నము వడ్డించు చేతులు మన వీథివీథిని గలవు. ఏ పట్టణమునందైనను పదిమంది యువకులు పూనుకొన్నచో, ఒక చిన్న వ్యానులో ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసము, ఓఆర్ఎస్ పొట్లములు, మంచుగడ్డలు, తడి తువాళ్లు, ఒక పందిరి గుడ్డ, పది మడత కుర్చీలు సిద్ధముగా నుంచుకొనుట ఖర్చుతో కూడిన పనియు కాదు. అయితే వ్యాను కొనుటకు ముందుగా వారు స్థానిక అగ్నిమాపక కేంద్రమునకు పోయి, అధికారి తీరికగా నున్న వేళ ఆయనయెదుట కూర్చుండి, మీ వారికి ఏమి కావలెను, మేమెచట నిలువవలెను, ఎవరు పిలిచినప్పుడు రావలెను, ఎప్పుడు రాకూడదు అని అడిగి, ఆయన చెప్పినది వ్రాసికొని రావలెను.